మోకాళ్ల పొడి

సింధూరి పళ్ల డాక్టరు. పటమటలో మెయిన్ రోడ్డు నుంచి లోపలికి తిరిగే వీధిలో, మందుల షాపు పైన, రెండు గదుల క్లినిక్ ఆమెది. చెయ్యి తేలిక అని పేరు. చిగుళ్లలో సూది దిగినట్టే తెలియదని తల్లులు ఒకరికొకరు చెప్పుకుని పిల్లల్ని తీసుకొచ్చేవాళ్లు. భర్త పవన్‌కుమార్ ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో ఇంజినీరు, షిఫ్టుల ఉద్యోగం. అత్తగారు వెంకటరత్నమ్మ కంకిపాడు అవతల ఊళ్లో పొలం కౌలుకిచ్చేసి, భర్త పోయిన దగ్గర్నుంచి కొడుకు దగ్గరే ఉంటోంది. వంటిల్లు ఆవిడదే. కోడలు క్లినిక్ నుంచి ఆలస్యంగా వస్తే తను కూడా తినకుండా కూర్చునేది.

జబ్బు వేళ్లతో మొదలైంది. పొద్దున్న లేచేసరికి పిడికిలి పట్టదు. బాల్కనీలోకి ఎండ వచ్చేదాకా ఆ వేళ్లు తనవి కావన్నట్టు ఉండేవి. తర్వాత మణికట్లు, ఆ తర్వాత మోకాళ్లు, అరికాళ్లు. కళ్లలో ఇసుక పోసినట్టు మంట. నోరు ఎండిపోయి, ముద్ద ముద్దకీ నీళ్లు తాగితే గాని అన్నం దిగేది కాదు. రోగి నోట్లో అద్దం పెట్టి చూస్తుండగా ఒకరోజు చేతిలోంచి ఆ అద్దం జారి ట్రేలో పడింది. కుర్చీలో ఉన్నావిడ "పర్లేదండీ" అంది. సింధూరి గ్లౌజులు విప్పేసి పక్కగదిలోకి వెళ్లి, చాలాసేపు కుర్చీలో అలాగే కూర్చుండిపోయింది.

కీళ్లవాతం అన్నాడు మొదట చూసిన డాక్టరు. వారానికొకసారి వేసుకునే బిళ్ళ రాసిచ్చాడు. అది వేసుకున్న మర్నాడంతా వాంతులు, నిస్సత్తువ. దువ్వెన నిండా జుట్టు. వాపు కాస్త తగ్గింది గాని నొప్పి తగ్గలేదు. దానికి తోడు ఇంకో బిళ్ళ. అదీ చాలక, పొట్ట మీద పొడుచుకునే ఇంజెక్షన్. ఆ ఇంజెక్షన్‌తో ఒక నెల బాగానే గడిచింది. తర్వాత ముక్కుకి అటూ ఇటూ బుగ్గల మీద ఎర్రగా మచ్చలు లేచాయి. రక్తంలో తెల్లకణాలు పడిపోయాయి. నోట్లో పుళ్లు. అప్పుడు ఎవరో చెబితే రమాసుందరి దగ్గరకు వెళ్లారు. ఆవిడ ఇలాంటి జబ్బులే చూసే డాక్టరు. యాభై దాటిన మనిషి, మెల్లగా మాట్లాడేది. రిపోర్టులన్నీ తిరగేసి, సింధూరి అరచేతుల్ని తన చేతుల్లోకి తీసుకుని ఒక్కొక్క కణుపూ నొక్కి చూసింది.

"నీది ఒక్క జబ్బు కాదమ్మా," అంది. "కీళ్లవాతం ఉంది. నోరూ కళ్లూ ఎండబెట్టే షోగ్రెన్స్ ఉంది. మొహం మీద ఆ మచ్చలు లేపిన లూపస్ కూడా కొంత కలిసింది. మూడూ ఒకదానిమీద ఒకటి పడ్డాయి. నీ ఒంట్లో రోగాన్ని చంపాల్సిన కణాలే నీ మీదకు వస్తున్నాయి. ఒకదానికి మంచి చేసే మందు ఇంకోదాన్ని రేపుతుంది. ఆ ఇంజెక్షన్ అదే చేసింది."

"మరి మూడింటికీ పనికొచ్చేది?"

"ఉంది. సెలైన్‌లో కలిపి ఎక్కించేది. కానీ ఇప్పుడే ఇవ్వలేను. నీ కణాలు పెరగాలి, పాత ఇన్ఫెక్షన్లు లేవని చూసుకోవాలి, కొన్ని టీకాలు వెయ్యాలి. రెండు నెలలు ఓపిక పట్టు. ఈలోగా వారం బిళ్ళ సగానికి తగ్గించి, చిన్న మోతాదులో స్టెరాయిడ్ ఇస్తాను. అంతకంటే పెంచను. అది సుగర్ పెంచుతుంది, నీకు ఇప్పటికే అంచు మీద ఉంది."

రెండు నెలలే కదా అనుకున్నాడు పవన్. బట్టల హుక్కులు కూడా తను పెట్టుకోలేని మనిషికి రెండు నెలలు ఎంతో అతనికి తెలియలేదు. క్లినిక్‌లో పళ్లు పీకడం మానేసింది. తర్వాత రూట్ కెనాల్స్ మానేసింది. తర్వాత తాళం వేసింది.

ఒక మధ్యాహ్నం వెంకటరత్నమ్మ అన్నం కలిపి తెచ్చి మంచం మీద కూర్చుంది. తినిపిస్తానంటే సింధూరి వద్దంది. చెంచాతో తనే తింటానంది. చెంచా పట్టుకోలేక పోతుంటే చూస్తూ కూర్చుని, ఆవిడ మెల్లగా అంది.

"అమ్మాయ్, ఒక మాట చెబితే కోప్పడవు కదా?"

"చెప్పండత్తయ్యా."

"నా మోకాళ్లు ఇదివరకు ఎలా ఉండేవో నువ్వు చూశావు. పీట మీద కూర్చుంటే లేచేదాన్ని కాదు. ఇప్పుడు చూడు, మెట్లెక్కుతున్నా. మా చెల్లెలు మాణిక్యం ఇప్పించింది పొడి. గుడివాడ దారిలో ఒకాయన ఇస్తాడు. అన్నీ చెట్ల మందులే. నేను మూడేళ్ల నుంచీ వాడుతున్నా." కాస్త ఆగి, గొంతు తగ్గించింది. "ఆ వారం బిళ్ళ వేసుకున్నంత కాలం కడుపు రాకూడదని డాక్టరమ్మ చెప్పిందటగా. పవన్ నాతో అన్నాడులే. ఇది వాడితే ఆ బిళ్ళ మానెయ్యొచ్చు కదా అని..."

సింధూరి చెంచా కంచంలో పెట్టేసింది. అలాంటి పొడుల్లో ఏం కలుపుతారో ఆమెకు తెలుసు. కాలేజీలో చదివింది, క్లినిక్‌కి వచ్చే ముసలివాళ్లలో మొహాలు గుండ్రంగా ఉబ్బినవాళ్లను చూసింది. మూడేళ్లుగా అత్తగారు మెట్లెందుకు ఎక్కగలుగుతోందో, బుగ్గలు ఎందుకు నిండాయో ఇంతవరకు ఆలోచించలేదు. ఇప్పుడు ఆలోచించింది. ఆవిడ తెల్లకాగితం పొట్లం విప్పి, బూడిదరంగు పొడిని తేనెలో రంగరించి వేలితో అందించేసరికి, ఆ ఆలోచనను అక్కడే వదిలేసి నోరు తెరిచింది.

మూడో రోజుకు పిడికిలి పట్టింది.

వారం తిరిగేసరికి తన జడ తను వేసుకుంది. వెంకటరత్నమ్మ ఆ జడ చూసి గుమ్మంలో నిలబడి కొంగుతో కళ్లు తుడుచుకుంది. పవన్ డ్యూటీ నుంచి వచ్చేసరికి భార్య కూరగాయలు తరుగుతోంది. అతనేమీ అడగలేదు. అడిగితే ఆ భాగ్యం ఎక్కడ పోతుందోనని భయపడ్డాడేమో. క్లినిక్ తలుపులు తెరిచారు. పాత రోగులు మళ్లీ వచ్చారు. సింధూరి రమాసుందరి రాసిచ్చిన బిళ్ళలన్నీ పక్కన పెట్టేసింది. సెలైన్ మందు గురించి ఆసుపత్రి నుంచి ఫోన్ వస్తే, ఊళ్లో లేనని చెప్పింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

నెలకోసారి వెంకటరత్నమ్మ బస్సెక్కి వెళ్లి ఇద్దరికీ పొట్లాలు తెచ్చేది. అత్తాకోడళ్లు పొద్దున్నే వంటింట్లో నిలబడి ఎవరి పొట్లం వాళ్లు వేసుకునేవాళ్లు. పెళ్లయి ఆ ఇంటికి వచ్చాక వాళ్లిద్దరూ అంత దగ్గరగా మసిలింది ఆ నెలల్లోనే. మనవడికి ఏ పేరు పెట్టాలో కూడా ఆవిడ చెప్పేది. సింధూరి నవ్వేది. అద్దంలో తన మొహం గుండ్రబడటం చూసి, లైటార్పేసి బయటికి వచ్చేది.

ఏప్రిల్‌లో ఆమెకు జ్వరం వచ్చింది. ఒళ్లంతా నొప్పులు, వాంతులు. నీళ్లు కూడా కడుపులో నిలవలేదు. పొట్లం వేసుకుంటే కక్కేసింది. రెండోసారి వేసుకుంటే అదీ పోయింది. రెండు రోజులు అలా గడిచాక, బాత్రూం గుమ్మంలో కుప్పకూలింది. అంబులెన్స్‌లో బీపీ దొరకలేదన్నారు.

ఐసీయూలో కళ్లు తెరిచేసరికి రమాసుందరి మంచం పక్కన నిలబడి ఉంది.

"ఏం వాడావు?"

సింధూరి చెప్పింది.

"పొడిని పరీక్షకు పంపమంటావా? నాకక్కర్లేదు. నీ మొహమే చెబుతోంది," అంది రమాసుందరి. ఆవిడ గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "అంత స్టెరాయిడ్ బయట్నుంచి పడుతుంటే, నీ ఒంట్లో తనంతట తానే ఊరాల్సిన స్టెరాయిడ్ ఊరడం మానేసింది. ఇలాంటిది వాడేవాళ్లు ఒక్కసారిగా మానితే ప్రాణాల మీదకు వస్తుంది. నీకు వాంతులై అదే జరిగింది. ఇక మీదట బిళ్ళ రూపంలో నేనిస్తాను, నెలల తరబడి మెల్లగా తగ్గిస్తాను. ఒక్క పూట కూడా మానకూడదు. నీకు చెప్పాలా? నువ్వూ డాక్టరువే."

ఆ మాటలన్నీ పవన్ విన్నాడు. అక్కణ్నుంచి నేరుగా ఇంటికెళ్లాడు. ఏం జరిగిందో సింధూరికి తర్వాత తెలిసింది. వంటింట్లో తల్లి జావ కాస్తోంది, కోడలికి తీసుకెళ్లడానికి. అతను అలమార తెరిచి పొట్లాలన్నీ నేల మీదకు లాగేశాడు.

"విషం పెట్టావమ్మా," అన్నాడు. "నీ చేత్తో నువ్వే దానికి విషం పెట్టావు."

వెంకటరత్నమ్మ స్టవ్ ఆపి, పొట్లాలన్నీ ఏరి సంచిలో వేసుకుని, వెళ్లి బందరు కాలవలో పారేసి వచ్చిందట. జావ గిన్నె స్టవ్ మీదే ఉండిపోయింది.

సింధూరి ఇంటికి వచ్చాక అత్తగారితో మాట్లాడలేదు. కావాలని పెట్టుకున్న మౌనం కాదు మొదట. ఏం మాట్లాడాలో తెలియలేదు. తర్వాత అది అలవాటైంది. తనను ఎవరూ బలవంతం చెయ్యలేదని, తెలిసే నోరు తెరిచానని ఆమెకు తెలుసు. అది ఒప్పుకోవడం కంటే ఎదురుగా తిరిగే మనిషి మీద కోపం పెట్టుకోవడం తేలికగా ఉంది. రోజూ పొద్దున్నే ఆసుపత్రి బిళ్ళ తీసి, గుర్తుపెట్టుకుని, జాగ్రత్తగా వేసుకునేది. ఆవిడ అన్నం వడ్డించి వెళ్లిపోయేది. వెళ్లేటప్పుడు గోడ పట్టుకుని నడుస్తోందని సింధూరి చూసింది. తిండి తగ్గిందని, మొహం నల్లబడిందని చూసింది. ఒకరోజు పెరటి సింకు దగ్గర ఆవిడ వాంతి చేసుకుంటున్న చప్పుడు విన్నది. అలిగి తిండి మానేసింది, పైత్యం చేసి ఉంటుంది అనుకుంది.

మే మొదట్లో వెంకటరత్నమ్మ బ్యాగు సర్దుకుంది.

"నాలుగు రోజులు ఊళ్లో మాణిక్యం దగ్గర ఉండి వస్తాన్రా," అంది కొడుకుతో. కోడలి గది గుమ్మం దాకా వచ్చి ఆగింది. "అమ్మాయ్, ఫ్రిజ్‌లో చింతకాయ పచ్చడి ఉంది. నీకు నోరు మండుతుందేమో, పెరుగు కలుపుకో."

సింధూరి ఫోన్‌లోంచి తలెత్తకుండా "ఊఁ" అంది.

వారం గడవకుండానే మాణిక్యం ఫోన్ చేసింది. ముందురోజు నుంచీ విరేచనాలు, ఊళ్లో ఆర్‌ఎంపీ సెలైన్ పెట్టాడు, పొద్దున్నుంచి మాట తడబడుతోంది, కార్లో తీసుకొస్తున్నాం అంది. కారు కంకిపాడు దాటకముందే వెంకటరత్నమ్మ పోయింది. ఎండలు మండిపోతున్నాయి. వడదెబ్బ అన్నారు అందరూ. ఆ వారం ఆ చుట్టుపక్కల మరో ఇద్దరు ముసలివాళ్లు అలాగే పోయారు కూడా. ఎవరికీ అనుమానం రాలేదు.

శవాన్ని ఊళ్లోనే ఉంచారు. సింధూరి వెళ్లేసరికి వాకిట్లో షామియానా వేశారు. ఆమె అత్తగారి తల దగ్గర కూర్చుంది. చెదిరిన ఆవిడ జుట్టు సర్దుతూనే ఉంది, కళ్లు మాత్రం కాగిన పెనంలా పొడిగా మండుతున్నాయి. షోగ్రెన్స్ ఉన్నవాళ్లకు కన్నీళ్లు రావు. ఆ సంగతి అక్కడున్నవాళ్లలో ఎవరికీ తెలియదు. పర్సులోంచి చుక్కల మందు తీసి వేసుకుంటే, వెనకనుంచి ఒకావిడ మరొకావిడతో అన్న మాట స్పష్టంగా వినపడింది: "చూశావా, ఏడ్చినట్టు కనపడ్డానికి చుక్కలు వేసుకుంటోంది."

దహనం అయ్యాక మాణిక్యం ఆమెను గదిలోకి పిలిచింది. వెంకటరత్నమ్మ చెల్లెలావిడ, అరవై దాటింది, అక్కలాగే పొడుగు మనిషి.

"నువ్వు ఆవిడతో మాట్లాడలేదటగా," అంది.

సింధూరి తల వంచుకుంది.

"నాకు చెప్పిందిలే. నీ మీద కోపంగా కాదు. 'పిల్ల చావు దాకా వెళ్లింది నావల్ల. ఆ పొడిని నేనింక ముట్టను' అంది. నా పొట్లాలు ఇస్తానన్నా, ఒట్టు పెట్టుకున్నానంది. ఇక్కడికొచ్చాక మోకాళ్లు పట్టేసి పాక్కుంటూ తిరిగిందమ్మా. ఈ మొండితనం వద్దక్కా, ఒక్కటి వేసుకో అని కాళ్లు పట్టుకున్నా. వినలేదు."

"ఎప్పుడు మానేశారు?" అడిగింది సింధూరి.

"నువ్వు ఆసుపత్రిలో ఉన్నప్పుడే. కాలవలో పారేసిందట కదా, తనవీ నీవీ కలిపి."

సింధూరి ఒక్కొక్కటీ గుర్తు చేసుకుంది. గోడ పట్టుకుని నడవడం, నల్లబడిన మొహం, సింకు దగ్గర వాంతులు, విరేచనాలు మొదలవగానే కూలిపోవడం. ప్రతిదీ తనకు తెలిసిన లక్షణమే. ఐసీయూ మంచం మీద పడుకుని, 'ఒక్కసారిగా మానితే ప్రాణాల మీదకు వస్తుంది' అన్న మాట విన్నది తను. అదే పొడి అదే వంటింట్లో తనకంటే ఎక్కువ కాలం వాడిన మనిషి ఉందన్న సంగతి తనకు తెలుసు. ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది.

తర్వాత రమాసుందరిని అడిగింది. ఆవిడ "అయ్యుండొచ్చు. ఎండా అయ్యుండొచ్చు. ఇక తెలిసే దారి లేదు," అంది. ఆమెను ఓదార్చడానికి ఇంకేమీ చెప్పలేదు. "వచ్చే సోమవారం రా. సెలైన్ మందు మొదలుపెడదాం."

ఆ మందు ఎక్కించే గదిలో వరసగా కుర్చీలు. ఒక్కో కుర్చీ పక్కన ఒక్కో స్టాండు. చుక్క చుక్కగా ఎక్కడానికి పొద్దున్నుంచి సాయంత్రం దాకా పట్టింది. మొదట్లో చలి, గొంతులో దురద. నర్సు వచ్చి వేగం తగ్గించింది. పక్క కుర్చీలో డిగ్రీ చదివే పిల్ల టోపీ పెట్టుకుని నిద్రపోతోంది. పవన్ బయట వరండాలో కూర్చున్నాడు. రెండు వారాలకు రెండోసారి. తర్వాత ఎదురుచూడటం. పొడిలాగా మూడో రోజుకు అద్భుతం జరగలేదు. నెల దాటినా ఏమీ జరగలేదు. ఇదీ దండగే అనుకుంది. రెండో నెల చివర్లో, కాఫీ కప్పు రెండు చేతులతో కాకుండా ఒక్క చేత్తో ఎత్తానని, ఎత్తి తాగేశాక గమనించింది. ఆమెకు సంతోషం కలగలేదు. ఈ మందు మొదట ఫోన్ వచ్చినప్పుడే వేయించుకుని ఉంటే అనిపించింది. ఆ ఆలోచన ఆ రోజంతా వదల్లేదు.

శ్రావణంలో, ముసురు పట్టిన ఒక ఉదయం, పవన్ డ్యూటీ నుంచి వచ్చి షూస్ కూడా విప్పకుండా కుర్చీలో కూర్చున్నాడు.

"సింధూ, ఒకటడుగుతా. అమ్మ వడదెబ్బతోనే పోయిందా?"

"ఎందుకలా అడుగుతున్నారు?"

"పిన్ని నిన్న ఫోన్లో ఏదో అంది. పొడి మానేసి కష్టపడిందని. నువ్వు పడిపోయినప్పుడు డాక్టర్ గారన్న మాటలు నేనూ విన్నాను. ఇన్నాళ్లూ నాకు తట్టలేదు."

అబద్ధం చెప్పే అవకాశం ఉంది. వడదెబ్బే అంటే అతను నమ్మేవాడు, నమ్మాలనే అడిగాడు. సింధూరి అతనికి ఎదురుగా కూర్చుంది.

"పొడి ఒక్కసారిగా మానేయడం వల్లే అయ్యుండొచ్చు. ఖచ్చితంగా ఎవరూ చెప్పలేరు. ఆవిడ వాడుతున్నారని నాకు తెలుసు. మానేశారేమో అడగాలని నాకు తోచలేదు. సింకు దగ్గర వాంతులు చేసుకుంటుంటే విని ఊరుకున్నాను."

"నేను విషం అన్నాను," అన్నాడు పవన్. "అందుకే మానేసింది."

ఇద్దరిలో ఎవరూ రెండోవాళ్లది తప్పు కాదని అనలేదు. అతను లేచి స్నానానికి వెళ్లాడు. నీళ్ల చప్పుడు చాలాసేపు ఆగలేదు. ఆ తర్వాత కొన్ని వారాలు అతను అదనపు షిఫ్టులు అడిగి మరీ చేశాడు. ఇంట్లో ఉన్నప్పుడు కూడా అవసరమైన మాటలే. సింధూరి ఒక్కతే తినేది, ముద్ద ముద్దకీ నీళ్లతో.

చివరికి అతనే అన్నాడు, "వాడి దగ్గరికి వెళ్దాం పద."

గుడివాడ దారిలో ఆ ఊరు. రోడ్డు పక్క రేకుల షెడ్డు, ముందు కుర్చీలు, ఆటోలు. వర్షం వెలిసింది, చేలల్లో నాట్లు పడ్డాయి. జనం గేటు దాకా వరసగా నిలబడ్డారు. ఎక్కువమంది ఆడవాళ్లు, కర్రలు పట్టుకున్నవాళ్లు, కూతుళ్ల భుజాల మీద వాలినవాళ్లు. గుండ్రటి మొహాలు ఆ వరసలో ఎన్నో కనపడ్డాయి. లోపల బల్ల వెనక నలభై ఏళ్ల మనిషి, తెల్ల లాల్చీ, చాలా మర్యాదస్థుడు.

పవన్ తల్లి పేరు చెప్పాడు. ఆయన గుర్తు చేసుకుని నిజంగానే నొచ్చుకున్నాడు. "అయ్యో, ఆవిడా? మంచి మనిషండీ. ఎప్పుడొచ్చినా మామిడికాయలు తెచ్చేది."

"పొడిలో ఏం కలుపుతున్నారు?"

"వేర్లండీ, ఆకులు. మా తాతల నాటిది."

"స్టెరాయిడ్ కలుపుతున్నారు," అంది సింధూరి. "నేను డాక్టర్ని. నేనూ వాడి చచ్చి బతికాను. మా అత్తయ్య చచ్చిపోయారు."

వరసలో కదలిక మొదలైంది. ముందున్న ఒక ముసలావిడ సింధూరి చెయ్యి పట్టుకుంది. "ఏమ్మా, నా నొప్పి తగ్గితే నీకేం బాధ? నాలుగు ఆసుపత్రులు తిరిగా. ఎవడూ తగ్గించలా. ఈయన తగ్గించాడు. ఇదీ లేకపోతే నేనెలా లేచేది, నాకెవరు వండిపెడతారు?"

సింధూరి చెయ్యి వెనక్కి లాక్కోలేదు. ఆ మాట తనదే. తన పిడికిలి పట్టిన ఉదయం, ఎవరైనా వచ్చి ఆ పొట్లం లాక్కుంటే తనూ ఇలాగే చెయ్యి పట్టుకుని అడిగేది. వెనకనుంచి ఎవరో "పదండి, ఇక్కడ గొడవ పెట్టకండి" అన్నారు. ఒక నడివయసావిడ మాత్రం భయపడి, చేతిలో పొట్లాలను నేలమీద పారేసింది. "అయితే ఈ పూట నుంచే మానేస్తా తల్లీ!"

అది చూడగానే సింధూరి పరుగున వెళ్లి ఆ పొట్లాలు బురదలోంచి ఏరి ఆవిడ చేతిలో పెట్టింది.

"మానకండి! ఒక్కసారిగా మానకండి!" అని అరిచింది, వరసంతా వినపడేలా. "వాడేవాళ్లెవరూ ఉన్నట్టుండి ఆపకండి! చచ్చిపోతారు! మీరు వాడుతున్న పొడి తీసుకుని ఆసుపత్రికి..."

ఆమె మాట పూర్తి కాలేదు. లాల్చీ మనిషి బల్ల వెనకనుంచి లేచి, చేతులు జోడించి, జనం వైపు తిరిగి చిరునవ్వు నవ్వాడు.

"విన్నారుగా? డాక్టరమ్మ గారే ఆపొద్దంటున్నారు."

వరసలో నవ్వులు. గేటు దగ్గర చెదిరిన జనం మళ్లీ సర్దుకుని నిలబడ్డారు. పవన్ ఆమె భుజం పట్టుకుని కారు దాకా నడిపించాడు. కంకిపాడు దాటాక అతను కారు పక్కకు ఆపి, స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడ్చాడు, తల్లి పోయిన తర్వాత మొదటిసారి. సింధూరి అతని వీపు మీద చెయ్యి వేసి, తన కళ్లలో చుక్కలు వేసుకునే వేళ దాటిపోతున్నా కదలకుండా కూర్చుంది.

ఫిర్యాదు చేశారు. అధికారులు వెళ్లి నమూనాలు పట్టుకొచ్చారు. షెడ్డుకు తాళం పడింది. దసరాలోపే మరో ఊళ్లో, మరో పేరుతో పొడి దొరుకుతోందని తెలిసింది.

సెలైన్ మందు సింధూరికి పట్టింది, పట్టినంత వరకు. కణాలు నిలకడగా ఉన్నాయి, మచ్చలు పోయాయి, వేళ్లు వంగుతున్నాయి. ఎడమ మణికట్టు మాత్రం ఎప్పటికీ పూర్తిగా తిరగదు. కళ్లూ నోరూ అలాగే ఎండి ఉన్నాయి. వాటిని ఏ మందూ వెనక్కి తేలేదంది రమాసుందరి. ఆరు నెలలకోసారి ఆ కుర్చీలో కూర్చోవాలి. క్లినిక్ ఒక పూటే. పళ్లు పీకే పని కొత్తగా చేరిన కుర్ర డాక్టరుకు అప్పజెప్పింది. పిల్లల గురించి రమాసుందరి "సెలైన్‌తో పాటు మళ్లీ మొదలుపెట్టిన వారం బిళ్ళ ముందు పూర్తిగా మానాలి, తర్వాత ఈ మందుకూ కొంత విరామం ఇవ్వాలి, అప్పుడు చూద్దాం" అంది. భార్యాభర్తలు ఆ మాటను ఇంటికి తెచ్చుకున్నారు గాని ఇంకా బయటికి తియ్యలేదు.

సంవత్సరీకానికి ఊరెళ్లినప్పుడు మాణిక్యం ఎదురొచ్చింది. బుగ్గలు నిండి, మనిషి ఒళ్లు చేసి ఉంది. "మాణిక్యం కాస్త తేరుకుంది," అన్నారు బంధువులు. సింధూరి ఆవిడ ముంజేతులు చూసింది. చర్మం పల్చటి కాగితంలా ఉంది, అక్కడక్కడా కమిలిన మచ్చలు.

భోజనాలయ్యాక పక్కకు తీసుకెళ్లి అడిగింది. "ఇంకా వాడుతున్నారు కదా చిన్నత్తయ్యా?"

మాణిక్యం దాచలేదు. "మరేం చెయ్యనే? అక్కలా మానేసి చావమంటావా?"

"వద్దు. ఈ రోజుది కూడా వేసుకోండి. రేపు నాతో విజయవాడ రండి. డాక్టర్ గారు బిళ్ళ ఇస్తారు, దాన్ని మెల్లగా తగ్గిస్తారు."

"తగ్గిస్తే నొప్పి రాదా?"

"వస్తుంది. చాలా వస్తుంది."

మాణిక్యం కొంగు దులుపుకుని లోపలికి వెళ్లిపోయింది. మర్నాడు రాలేదు. వారం తర్వాత, ఎవరికీ చెప్పకుండా, కంకిపాడు బస్సు దిగి సంచితో సహా పటమట ఇంటికి వచ్చేసింది. పవన్ ఆవిడను తల్లి గదిలో ఉంచాడు.

మోతాదు తగ్గించిన ప్రతిసారీ మాణిక్యం మోకాళ్లు పట్టుకుని అరిచేది. పవన్‌ని, రమాసుందరిని, అందరికంటే ఎక్కువగా సింధూరిని తిట్టేది. "మీ అత్తను చంపింది చాలక నన్నూ చంపుతున్నావే," అని ఒకరోజు అనేసింది. సింధూరి మంచినీళ్ల గ్లాసు ఆవిడ చేతికిచ్చి, బిళ్ళను సగానికి విరిచింది.

"ఇంకా ఎన్నాళ్లే?" అని అడిగింది మాణిక్యం, మింగుతూ.

"ఇంకా చాలా ఉంది చిన్నత్తయ్యా," అని చెప్పి, రెండో సగాన్ని మళ్లీ సీసాలో వేసి మూత పెట్టింది.